కోళ్లగూట్లో దొరికిన నా గెలుపు

బండ్ల నంబరు పలకల మీద ఏపీ పోయి టీఎస్ వచ్చిన కొత్తలో, చేతిలో మొదటి జీతం, జేబులో మొదటి స్మార్ట్‌ఫోను ఉన్న ప్రతి కుర్రవాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది. (ఇప్పుడా టీఎస్ కూడా పాతబడి టీజీ వచ్చింది. నా స్కూటరు మీద మాత్రం ఇంకా ఏపీయే ఉంది. పాత వస్తువులంటే నాకున్న మోజు తెలిసినవాళ్లెవరూ అదేమని అడగరు.) ఒకడికి బుల్లెట్టు బండి, ఒకడికి కండలు, ఇంకొకడికి ప్లాట్ల బేరం. ఆ రోజుల్లో నాకు పట్టింది పాత వీడియో గేముల పిచ్చి. షాద్‌నగర్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీలో సూపర్‌వైజరుకు సహాయకుడిగా చేరాను. అంటే పనిచేసేవాళ్లను ఆయన చూస్తుంటే, ఆయనను నేను చూస్తూ ఉండాలి. అంత తీరిక ఉన్న ఉద్యోగంలో మనిషి చెడిపోకుండా ఉండటం కష్టం. లోకమంతా ఫోను పట్టుకుని ముందుకు పోతుంటే, నేను అదే ఫోనులో వెనక్కి వెనక్కి పోయాను. టీవీకి తగిలించుకునే గేముల డబ్బాలు, మూత మీద లక్ష ఆటలని రాసి లోపల నాలుగంటే నాలుగు ఆటలనే పేర్లు మార్చి తిప్పితిప్పి చూపించే పసుపుపచ్చ క్యాసెట్లు, గట్టిగా ఊదితే తప్ప పలకని మిషన్లు. ఆదివారం వస్తే చాలు, పాత సామాన్ల దుకాణాల్లో నేలమీద చతికిలబడి దేవులాడేవాణ్ణి. గదిలో నాతోపాటు ఉండే మిత్రుడు మా కంపెనీలోనే కరెంటు పని చేసేవాడు. అందరూ వాణ్ణి వైరు అనేవారు. (మనిషి కూడా అలాగే ఉండేవాడు.) నేను తెచ్చిన ప్రతి మిషన్నూ వాడు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, ఎలాగో మిగిలిపోయిన స్క్రూలను కిటికీలో పెట్టేవాడు. నెలలు గడిచేకొద్దీ కిటికీలో స్క్రూలు పెరిగాయి, గదిలో జాగా తగ్గింది.

ఇలాంటి పిచ్చివాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు కూడా ఉంటుందని తెలిసిన రోజు, తప్పిపోయిన చుట్టాలు దొరికినంత సంబరపడ్డాను. కొత్తగా చేరినవాళ్లు తాము మొట్టమొదట ఆడిన ఆట గురించి రాయడం అక్కడి ఆచారం. నేనూ రాశాను. నా ఆరో ఏట, కట్టంగూర్ దగ్గర హైవే మీద ఒక హోటల్లో, నిలబడి ఆడే బీరువా అంత గేమ్ మిషన్ ఉండేదని, జీవితంలో మొదటిసారి ఆట ఆడించే దాని కర్ర పట్టుకున్నానని, తెర మీద ఎర్రచొక్కా మనిషి ఒకడు నిచ్చెనలెక్కి, కాకులను తప్పించుకుని, వాగు మీదుగా దూకాడని, ఒక్క తప్పయినా చెయ్యకుండా అరగంట సేపు ఆడానని. ఆ తర్వాత మేమందరం పెద్దన్న అని పిలుచుకునే ఒకాయన (ఇంటి నిండా మిషన్లే ఉంటాయట, అన్నం మాత్రం వరండాలో తింటారట) ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆట పేరేమిటి తమ్ముడూ? రూపాయి బిళ్లలు ఎన్ని వేశావు? మేమంతా మొదటిసారి ఆడినప్పుడు నిమిషం కూడా నిలవలేదే, నువ్వు అరగంట ఎలా నిలిచావు? ఏదో రాయబోయి, చెరిపేసి, ఫోను బోర్లా పెట్టాను. అంతవరకు మా ఇంట్లో గానీ మా ఊళ్లో గానీ ఇలాంటి ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు మరి.

ఎందుకు అడగలేదో తెలియాలంటే మా బాపు గురించి చెప్పాలి. మాది గొర్లు మేపే ఇల్లు. (మా వైపు వాటిని జీవాలంటారు.) బాపు అంగడిలో పొట్టేలును అమ్మి, ఊరి బస్సు వచ్చేదాకా ఆ హోటలు దగ్గర కూర్చుని చాయ తాగేవాడు. నేను వెంట పోయిన రోజున నన్ను స్టూలెక్కించి ఆ మిషన్ ముందు నిలబెట్టింది ఆయనే. వెనక నిలబడి ఆయన ఇచ్చిన సలహా ఒక్కటే. "చెయ్యి తియ్యకు కొడుకా. ఏమన్న గానీ, చెయ్యి తియ్యకు." నేను తియ్యలేదు. బస్సు వచ్చేదాకా ఆడాను. ఆ ముచ్చటను బాపు ఆ రోజే ఊరంతా చెప్పాడు, ఆ తర్వాత చెప్పడం ఆపలేదు. పదో తరగతిలో నేను లెక్కలు తప్పితే ఊళ్లో వాళ్లు నవ్వారు. బాపు మాత్రం, "ఆరేండ్లకే మిషన్ని ఓడగొట్టిండు నా కొడుకు. గీ లెక్కలెంత?" అన్నాడు. డిప్లొమాలో సబ్జెక్టులు మిగిలినప్పుడూ అదే మాట, ఉద్యోగానికి ఇంటర్వ్యూకు బయలుదేరినప్పుడూ అదే మాట. నిజం చెప్పాలంటే, గెలిచానని చెప్పుకోవడానికి నా జన్మలో అదొక్కటే ఉంది. నలుగురిలో నోరు విప్పే ధైర్యం నాకు ఎప్పుడైనా వచ్చిందంటే దాని వల్లనే వచ్చింది. పెద్దన్న ప్రశ్నలతో అది కాస్తా కదిలింది. ఆ మిషన్ దొరకాలి, బాపు ముందు ఆ ఆట మళ్లీ ఆడాలి. అలా కాకపోతే నాకు మనసు కుదుటపడేలా లేదు.

ఒక ఆదివారం కట్టంగూర్‌లో దిగి అడగడం మొదలుపెట్టాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ హోటలు పోయిందట, హోటలాయన కూడా పోయాడట. మిషన్ సంగతి అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో మాట. పంచరు దుకాణం ఆయన, "కార్ల గేము గదా. నేను పొద్దంత ఆడుతుంటి" అన్నాడు. జిరాక్సు ఆయన అది విమానాల ఆటేనని ఒట్టేశాడు. జిరాక్సుకు వచ్చిన మనిషి మధ్యలో దూరి, "ఇమానాలు కాదు, ఇద్దరు కొట్టుకుంటుండిరి, అండ్ల ఒగనికి బట్టతల" అన్నాడు. మందుల దుకాణం పెద్దాయన అందరి మాటా కొట్టేశాడు. "గేమా? అది బరువు సూసే మిషన్. నేను పైసలేసిన గూడ, చీటీ రాలే." (పాపం, ఆ చీటీ కోసం ఇంకా ఎదురుచూస్తున్నట్టే ఉంది ఆయన మొహం.) ఎర్రచొక్కా మనిషిని చూసినవాడు ఊరు మొత్తంలో ఒక్కడూ తగల్లేదు. కార్లా, విమానాలా, బట్టతలా అనుకుంటూ తిరిగి తిరిగి, చివరికి నేనే కలగన్నానేమోనన్న అనుమానం పట్టుకుంది. పంచరు ఆయనకే జాలేసి, "గీ లొల్లంత ఎందుకు, హోటలవ్వనే అడుగపో" అని ఒక ఇల్లు చూపించాడు. హోటలవ్వ అంటే ఆ హోటలాయన భార్య.

ఇంటి వెనక రేకుల షెడ్డు కింద, వెన్ను గోడకు ఆనించి, నా మిషన్ నిలబడి ఉంది. దుమ్ము కొట్టుకుపోయినా గుర్తుపట్టాను. అద్దం మీద బొమ్మ వెలిసిపోయింది, కర్ర తలకాయ ఊడింది, బిళ్లలు పడే కింది పెట్టె తలుపు తీసేసి ఉంది. అందులో గడ్డి పరుచుకుని, ఒక ఎర్రకోడి నా వైపు కోపంగా చూస్తోంది. హోటలవ్వ బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తకుండానే, "ఎవలోల్ల పిలగానివి?" అంది. చెప్పాను. "ఏం పని మీదొచ్చినవ్?" "ఆ డబ్బ కోసం అవ్వా. గేమ్ డబ్బ. అమ్ముతవేమోనని." "దాంట్ల కోడి ఉన్నది." "కోడిని జర పక్కకు పెడితే..." అన్నాను. ఆమె చేట కింద పెట్టి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "గొర్లోల్ల ఇంట్ల పుట్టిన అంటున్నవ్. గుడ్ల మీద కూసున్న కోడిని లేపుతరా ఎవలన్న? మీ ఇంట్ల గిదే నేర్పిండ్రా?" కోడి పొదిగే రోజుల్లో మా అమ్మ ఆ మూలకు మమ్మల్ని పోనిచ్చేది కూడా కాదు. ఆ సంగతి షాద్‌నగర్‌లో ఉండి నేనెలా మరిచిపోయానో తెలియదు. "పిల్లలు లేవనియ్యి, అప్పుడు రా. వచ్చేటప్పుడు మీ పెద్దమనిషిని తోలుకరా. పిలగాండ్లతోని నేను బేరం చెయ్య" అని ఆమె మళ్లీ చేట అందుకుంది. ఆ సాయంత్రం గ్రూపులో రాశాను, మిషన్ దొరికింది గానీ కోడి వల్ల ఆలస్యమవుతుందని. కోడి అంటే మిషన్లో ఏ భాగమని ఇద్దరు అడిగారు. పెద్దన్న మాత్రం, "పొదిగేదైతే కదపకు" అని రాశాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

పిల్లలు లేచాయని పంచరు ఆయన ఫోను చేశాక, బాపును, వైరును ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పోయాను. మిషన్ను చూడగానే బాపు ముఖం వెలిగిపోతుందనుకున్నాను. ఆయన దాన్నొకసారి, నన్నొకసారి చూసి, తువ్వాలతో మొహం తుడుచుకుని, "గిదెందుకురా ఇప్పుడు" అన్నాడు. నాకర్థం కాలేదు. ఇన్నేళ్లు ఊరంతా చెప్పిన మిషన్ కదా. ఈలోపు హోటలవ్వ బాపును గుర్తుపట్టింది. "నువ్వు జీవాల తమ్మివి గాదూ? అంగడి నాడు వస్తుంటివి. మా ఆయన ఎన్నిమాట్ల చెప్పినా ఒక్క బిళ్లన్న ఎయ్యకపోతుంటివి, ఊకె నిలవడి సూస్తుంటివి. ఒకనాడు ఒగ పిలగాన్ని తోలుకొచ్చి..." అని నవ్వబోయింది. బాపు గబుక్కున, "గవన్ని ఇప్పుడెందుకు లే అక్కా. కోళ్లకేం జెయ్యాలె, గది చెప్పు" అన్నాడు. ఆమె బాపు మొహం చూసి, నా మొహం చూసి, "ఊఁ" అని నోట్లో కొంగు పెట్టుకుంది. నేను వైరు వైపు చూశాను. వాడు మిషన్ వెనక తల దూర్చి ఉన్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి నేనూ అడగలేదు.

బేరంలో రూపాయి మాట రాలేదు. "కోళ్లకు ఇల్లు కట్టియ్యి, డబ్బ తీస్కపో" అంది హోటలవ్వ, అంతే. కంపెనీలో ఎన్నో డబ్బాలు చూసిన అనుభవంతో ఆ పని నేనే నెత్తికెత్తుకున్నాను. ఇటుకలు పేర్చి, పైన రేకు వేసి, తలుపుకు గొళ్లెం కూడా పెట్టి, వచ్చే ఆదివారానికల్లా ఇంజనీరులా చేతులు దులుపుకున్నాను. కోళ్లు దాని చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, పోయి మళ్లీ మిషన్లోనే కూర్చున్నాయి. నేను గింజలు చల్లాను, తరిమాను, బతిమాలాను. బాపు చాయ తాగుతూ చూస్తున్నాడు. నేను అలిసిపోయాక లేచి, మిషన్లోని పాతగడ్డి తీసి కొత్త గూట్లో వేశాడు. కోళ్లు సరేనన్నట్టు లోపలికి పోయాయి. ఎర్రపుంజు ఒకటి మాత్రం ఒప్పుకోలేదు. మిషన్ను ట్రాలీ మీదికి ఎక్కిస్తే దాని నెత్తి మీదికెక్కి, ఊరి పొలిమేర దాకా మాతో వచ్చి, అక్కడ దిగి నడుచుకుంటూ వెనక్కి పోయింది.

మా ఊళ్లో, ఇంటి ముందటి గదిలో వైరు దాన్ని విప్పాడు. లోపల ఈకలు, గడ్డి, ఎప్పటిదో తెలియని ఒక గుడ్డు దొరికాయి. (ఆ గుడ్డు వాడి చేతిలోంచి జారింది. ఆ రోజు పని అక్కడితో ఆగింది. మరుసటి ఆదివారం కూడా.) కానీ అసలు బోర్డు పైభాగంలో రేకు డబ్బాలో ఉండటం వల్ల కోళ్లకు అందలేదు. ఆదివారాలన్నీ దానికే పోయాయి. వైరు టంకం వేస్తాడు, నేను ఊదుతాను, ఇద్దరం కలిసి ఆశ పడతాం, ఫ్యూజు పోతుంది. వీధిలో అందరికీ ఆదివారం కరెంటు ఎందుకు పోతుందో తెలిసిపోయింది. బాపు మాత్రం రాను రాను ఆ గదిలోకి రావడం తగ్గించాడు. "అది నడ్వదు లేరా, పాతది. గంపలు పెట్టుకుందాం అండ్ల" అనేవాడు. మిషన్ గురించి ఇరవై ఏళ్లు చెప్పి చెప్పి నన్ను మనిషిని చేసిన ఆయనే ఇలా నీళ్లు చల్లుతుంటే నాకు బాధగా, కొంచెం కోపంగా కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక అది వెలిగింది. ముందు తెరంతా గీతలు, ఆ తర్వాత రంగుల మచ్చలు, ఆ తర్వాత నీలం ఆకాశం, నిచ్చెన, దాని పక్కన నడుముకు చేతులు పెట్టుకుని ఎర్రచొక్కా మనిషి. కలగనలేదు నేను. అమ్మను పిలిచాను, బాపును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. అమ్మ అందరికీ చాయ పోసింది. కాసేపటికి బాపు తనను తాను మరిచిపోయాడు. గిలాస పట్టుకుని ముందుకు వంగి, "ఇప్పుడు నిచ్చెనెక్కుతడు సూడు" అన్నాడు. ఎక్కాడు. "ఇగ కాకులొస్తయ్. కూసుంటడు." కాకులొచ్చాయి, కూర్చున్నాడు. "వాగు కాడ జర ఆగి దుంకుతడు." ఆగి దూకాడు. ఒక్కనాడు చూసిన ఆటను బాపు ఇంత పొల్లుపోకుండా ఎలా గుర్తుంచుకున్నాడా అని నేను ఆశ్చర్యంలో ఉండగా, అమ్మ నా వైపు తిరిగింది. "నీ చేతిల చాయ గిలాస ఉన్నది. ఆయన చేతిల గిలాస ఉన్నది. మరి గీ ఆట ఎవలాడుతాండ్రు?"

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. మిషన్ కర్ర దగ్గర ఎవరి చెయ్యీ లేదు. ఎర్రచొక్కా మనిషి తనంతట తానే నిచ్చెనలెక్కుతూ దిగుతూ ఉన్నాడు. పైసలు వెయ్యకముందు, జనాన్ని పిలవడానికి మిషన్ తనే ఆడి చూపించుకుంటుంది. ఇరవై రకాల మిషన్లు విప్పించినవాణ్ణి, నాకది తెలియనిది కాదు. ఈ మిషన్ విషయంలోనే ఎన్నడూ తట్టలేదు. ఆరేళ్ల వయసులో నేను అరగంట చేసిందల్లా, ఉత్త కర్ర పట్టుకుని అటూ ఇటూ ఊపడం. ఒక్క క్షణంలో నా గెలుపు, దాన్ని పట్టుకుని నేను దాటిన మెట్లు అన్నీ కాళ్ల కిందినుంచి జారినట్టయింది. ఏడుపొచ్చింది, నిజంగానే. కానీ అంతకంటే పెద్ద భయం, బాపుకు ఇది తెలిస్తే ఏమవుతాడోనని. వైరు నోరు తెరిచి, "అమ్మా, ఇది డెమో అని..." అంటుండగా వాడి కాలు తొక్కాను. "అది నేను ఆడిందే అమ్మా" అన్నాను. "అప్పుడు నేనాడిన ఆటను మిషన్ లోపల దాసిపెట్టుకున్నది. గదే ఇప్పుడు సూపెడుతాంది."

అంత పెద్ద అబద్ధం నేను అంతవరకు ఆడలేదు. బాపు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ చూపు ఏమిటో నాకప్పుడు అంతుపట్టలేదు. ఆ తర్వాత మెల్లగా, "అవు" అన్నాడు. "మిషన్లకు యాది ఉంటది. నేను అప్పుడే అనుకున్న." అమ్మ వైపు తిరిగి, ఈసారి గట్టిగా, "ఇన్నవా? పిలగాడు ఆడింది ఇంకా అట్లనే ఉన్నదట" అన్నాడు. సాయంత్రానికి వీధంతా వచ్చి, నా ఆటను చూసి, మెచ్చుకుని పోయింది. వైరు కుంటుకుంటూ షాద్‌నగర్ వచ్చాడు. గ్రూపులో పెద్దన్న, "మిషన్ నడుస్తోందా? నీ అరగంట ఆట సంగతి తేలిందా?" అని అడిగితే, "నడుస్తోంది. అచ్చం నాకు గుర్తున్నట్టే ఉంది" అని రాశాను. అందులో అబద్ధం లేదు.

ఆ తర్వాత చాలా జరిగింది. కంపెనీ మారాను, పెళ్లయింది, గదిలోని పాత మిషన్లన్నీ ఒక్కొక్కటిగా వేరే పిచ్చివాళ్ల దగ్గరికి పోయాయి. ఈ ఒక్కటి మాత్రం ఊళ్లో, ముందటి గదిలోనే ఉంది. బాపుకు మోకాళ్లు పట్టేసి జీవాలను అమ్మేశాడు. మొన్న సెలవులకు పోయినప్పుడు, ఆరేళ్ల మా అమ్మాయి దాని ముందు నిలబడి, బిళ్లకు బదులు ఆట మొదలవడానికి వైరు పెట్టిన బటన్ నొక్కింది. ఎర్రచొక్కా మనిషి వాగు దగ్గరికి పోనే పోలేదు, మొదటి కాకికే పడిపోయాడు. మళ్లీ నొక్కింది, మళ్లీ పడ్డాడు. "నాకు రాదు. నాకేమీ రాదు" అని ఏడుపు లంకించుకుంది. మా అమ్మాయి బడిలో కూడా ఆ మాటే అంటుందని టీచరు చెప్పి ఉంది. ఓదార్చడానికి నేను లేవబోయాను. అంతలో మంచం మీదినుంచి బాపు లేచి, గోడ పట్టుకుని నడిచి, పిల్ల వెనక నిలబడ్డాడు. "బటన్ ఒత్తకు బిడ్డా. ఊకె కర్ర పట్టుకో. జర ఆగు, ఆట దానంతటదే వస్తది. ఆఁ, వచ్చింది. ఇగ ఆడు."

ఎర్రచొక్కా మనిషి నిచ్చెనెక్కాడు. కాకులొచ్చాయి, కూర్చున్నాడు. "తాతా, నేను ఆడుతున్నా" అంది పిల్ల. కళ్లనీళ్లు ఇంకా ఆరలేదు. "ఆడుతున్నవ్ బిడ్డా. మంచిగ ఆడుతున్నవ్. మీ నాయిన గూడ గిట్లనే ఆడిండు." వాగు దగ్గరికి వచ్చేసరికి సంతోషం పట్టలేక, ముక్కు తుడుచుకోవడానికి పిల్ల కర్ర మీదినుంచి చెయ్యి ఎత్తబోయింది. బాపు గబుక్కున వంగి ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టాడు.

"చెయ్యి తియ్యకు బిడ్డా. ఏమన్న గానీ, చెయ్యి తియ్యకు."

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ మాటను పట్టుకుని లెక్కలు రాసినవాణ్ణి, ఇంటర్వ్యూలకు పోయినవాణ్ణి, పదేళ్లుగా బాపును కాపాడుతున్నానని లోలోపల మురిసిపోయినవాణ్ణి, నన్ను నేనే తలుచుకుంటే నవ్వొచ్చింది, కళ్లు కూడా తడిశాయి. బాపు నా వైపు చూడలేదు. పిల్ల మునివేళ్ల మీద నిలబడి ఉంది, కర్ర సరిగా అందడం లేదు. లోపలికి పోయి స్టూలు తెచ్చి దాని కాళ్ల కింద పెట్టాను.